ఉత్త కోబాల్ట్ పోసి చూసినరా?

నల్గొండల ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు మా అమ్మ రోజూ అడిగేది, ఆ లాబ్ల ఏం జేస్తున్నవ్ బిడ్డా అని. రంగులు కలుపుతున్ననే అంటుంటి, అబద్ధమేం కాదు. మా పనేందంటే, లోహాన్ని పట్టుకునే అణువుకు (లిగాండ్ అంటరు) కోబాల్ట్ అతికిస్తే బాక్టీరియాను ఆపే బలం పెరుగుతదా అని చూసుడు.

వేడి ఆల్కహాల్ల సాలిసిలాల్డిహైడ్ రెండు పాళ్లు, ఇథిలీన్ డయమీన్ ఒక పాలు కలిపితే మెరుస్తున్న పసుపు పొరకలు పడ్తయ్, అదే సాలెన్ లిగాండ్. దాంట్ల గులాబీ రంగు కోబాల్ట్ అసిటేట్ పోస్తే చూస్తుండంగనే ముదురు గోధుమ. నిజానికి నైట్రోజన్ల చెయ్యాలె, ఈ కాంప్లెక్స్ (లోహం అతికిన లిగాండ్) గాలిల ఆక్సిజన్‌ను పట్టుకుంటది, 1938లనే సుమాకి అనే జపాన్ కెమిస్టు రాసిండు. మా సిలిండరేమో ఖాళీ, అట్లనే కానిచ్చినం, అందుకే మా సీసాల ఉన్నదంతా ప్లస్ టూ చార్జి కోబాల్టే అని నేను ఒట్టేసి చెప్పను. ఐఆర్ల (ఇన్‌ఫ్రారెడ్ పరీక్షల) ఇమీన్, అంటే కార్బన్-నైట్రోజన్ జంట బంధం, పీక్ 1635 నుంచి 1620 దిక్కు దిగింది, ఫినాల్ ఓహెచ్ పీక్ పోయింది, సరే లోహం అతికింది అనుకున్నం.

ఇగ బాక్టీరియా పెంచే జెల్లీ, ముల్లర్ హింటన్ అగార్ మీద స్టాఫిలోకాకస్ బాక్టీరియా పూసి, 6 మిల్లీమీటర్ల గుంటలు పొడిచి, డీఎంఎస్ఓ అనే ద్రావకంల కరిగించిన మందు పోసి, 37 డిగ్రీలల్ల ఒక రాత్రి పెట్టినం. తెల్లారి స్కేలు పెడితే బాక్టీరియా పెరగని గుండ్రం లిగాండ్ చుట్టూ 10 మిల్లీమీటర్లు, కాంప్లెక్స్ చుట్టూ 14. ఎగిరి గంతేసినం. గంతేసినంక మిగిలిన రెండు గుంటలు కొలిచినం: ఉత్త డీఎంఎస్ఓ 8, ఉత్త కోబాల్ట్ అసిటేట్ 15!

సీనియరన్న ఒకాయన "పట్టికల ఆ అసిటేట్ కాలమ్ తీసెయ్యవే, కీలేషన్ వల్ల బలం పెరిగిందని రాయి, అందరు గట్లనే రాస్తరు" అన్నడు. లిగాండ్ చుట్టుకుంటే లోహం చార్జి పంచుకపోతది, బాక్టీరియా కొవ్వు పొర సులువుగ దాటుతది అనేది ఆ మాట. ఉండొచ్చు, కాని ఉత్త కోబాల్ట్ ఉప్పుతోని (అదే అసిటేట్) పోల్చకుండ ఎట్ల చెప్తరు? అదీ మోల్ లెక్కన, అంటే రెండిట్ల కోబాల్ట్ పరమాణువులు సమానంగ ఉండేటట్టు పెట్టాలె. మేం మిల్లీగ్రాముల లెక్క తీసుకున్నం, అసిటేట్ల కోబాల్ట్ దాదాపు 24 శాతం, కాంప్లెక్స్‌ల 18, పోటీనే సక్కగ లేదు. పైంగ ఉప్పు నీళ్లల్ల కరిగి అగార్ల దూరం పాకుతది, కాంప్లెక్స్ గుంట దగ్గర్నే కూసుంటది, గుండ్రం పెద్దగుంటె మందు గట్టిదని కాదు. ఎమ్ఐసీ, అంటే బాక్టీరియా పెరగకుండ ఆపే అతి తక్కువ మోతాదు, కొలవాల్సింది.

కాలమ్ తియ్యలే. వైవాల ఎక్స్‌టర్నల్ సార్ సీదా ఆ 15 మీదనే వేలు పెట్టిండు, "ఎమ్ఐసీ ఏదమ్మా?" అన్నడు. టైమ్ లేకుండె సార్ అన్న.