ఏడో పిన్ మింగేసిన 0.42 వోల్టులు

దొరికింది! నా వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) ఆంప్లిఫయర్‌లో ఎడమ చానెల్ చిటపటలకి కారణం వాల్వు కాదు, సిగ్నల్‌ని ఒక దశ నుంచి ఇంకోదానికి దాటించే కప్లింగ్ కెపాసిటర్ అసలే కాదు. ఇఎల్34 అనే పవర్ వాల్వుని గుచ్చే సాకెట్. అందులోనూ ఒకే ఒక్క పిన్.

 

ఆన్ చేయగానే నాలుగు ఇఎల్34 వాల్వులూ తలా 40 మిల్లీఆంపియర్ల కరెంటు దగ్గర బుద్ధిగా ఉండేవి. అరగంట గడిచేసరికి ఎడమవైపు ఒకటి 33కి జారేది, వెంటనే చిటపటలు మొదలు. వాల్వులు అటూ ఇటూ మార్చినా జబ్బు ఆ సాకెట్‌ని వదల్లేదు. ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) తగ్గిన పాత వాల్వు పెడితే మరీ ఎక్కువ. సోల్డర్ మళ్లీ కరిగించినా లాభం లేదు. కాంటాక్ట్ క్లీనర్ కొడితే ఓ పూట బాగుండి మళ్లీ మొదటికొచ్చింది.

హీటర్ (వాల్వుని లోపల వేడెక్కించే తీగ) మీద అనుమానం వచ్చినా, సాకెట్ ట్యాగుల దగ్గర కొలిస్తే 6.31 వోల్టులు, చక్కగా ఉంది. కానీ వాల్వుకి అందుతున్నదెంత? హెచ్‌టీ (వాల్వు ప్లేటుకిచ్చే హై వోల్టేజి) ఫ్యూజు తీసేసి, హీటర్‌వైన 2, 7 పిన్‌ల మొదట్లో వెంట్రుకంత రాగి తీగ ఒక్కో చుట్టు చుట్టి బయటికి లాగి, వాల్వు గుచ్చి కొలిచాను. 5.84! రెండో పిన్ దగ్గర పోయింది 0.05, ఏడో పిన్ దగ్గర 0.42. ఇఎల్34 హీటర్ తీసుకునేది 1.5 ఆంపియర్లు కాబట్టి ఆ కాంటాక్టు దాదాపు 0.3 ఓం, అక్కడ వేడయ్యేది 0.6 వాట్. ఆ వేడికి స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

పట్టు తేల్చడానికి, చచ్చిపోయిన 6ఎస్ఎన్7 వాల్వు (దానివీ ఇదే సైజు పిన్‌లు) బేస్ నుంచి ఒక పిన్ ఊడదీశాను. సాకెట్‌ని తలకిందులు చేసి ఒక్కో రంధ్రంలో పెట్టి చూస్తే మిగతా ఏడూ 50 గ్రాముల బరువు వేలాడదీసినా వదల్లేదు. ఏడోది పిన్ బరువుకే జారవిడిచింది. సూదితో స్ప్రింగు దగ్గరికి నొక్కితే అక్కడ పోయే వోల్టేజి 0.03కి దిగింది, కొన్నాళ్లకే మళ్లీ 0.2. టెంపర్ (స్ప్రింగు గుణం) పోయిన లోహం నొక్కితే తిరిగొస్తుందా? గీకి చూస్తే బంగారు రంగు కింద తెల్లటి లోహం, అయస్కాంతానికి అతుక్కుంటోంది. పూత పెట్టిన ఇనుమే అనుకుంటున్నా. ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే అతుక్కోదు.

అందుకే పేరూ ఊరూ లేని బంగారు పూత సిరామిక్ సాకెట్లకి ఇక దండం. సిరామిక్ అన్నంత మాత్రాన మంచిది కాదు, పట్టేది లోపలి స్ప్రింగు. కొరియా బెల్టన్ సాకెట్ చూడ్డానికి ఏమీ ఉండదు, పట్టు మాత్రం గట్టిది. పాత సించ్, మెక్‌మర్డో దొరికితే వదలను. యమమోటో టెఫ్లాన్ అందంగానే ఉంటుంది, ఆ డబ్బుకి నేనైతే మరో జత వాల్వులు కొంటా. పాత బేకలైట్ అయితే 2, 3 పిన్‌ల (హీటర్, ప్లేటు) మధ్య నల్లటి గీత ఉందేమో చూడాలి. ప్లేటు మీద వోల్టేజి హెచ్‌టీకి రెట్టింపు దాకా లేస్తుంది, ఒకసారి ఆర్క్ కొట్టి బొగ్గు గీత పడితే దాన్ని పారేయడమే.

ఇంకో భయం కూడా ఉంది. నాది ఫిక్స్‌డ్ బయాస్, అంటే గ్రిడ్‌కి నెగటివ్ వోల్టేజి విడిగా ఇస్తా. ఇదే లూజు గ్రిడ్‌కి వెళ్లే ఐదో పిన్‌లో ఉంటే గ్రిడ్ నెగటివ్ పోయి ప్లేటు ఎర్రగా కాలేది. అందుకే నాలుగు సాకెట్లూ మార్చేస్తున్నా. కొత్తవి సోల్డర్ చేసేటప్పుడు ఆ పాత 6ఎస్ఎన్7 లాంటి చచ్చిన వాల్వు గుచ్చి ఉంచుతా, కాంటాక్టులు వరసలో నిలుస్తాయి.

తర్వాత కట్టబోయేది చిన్న ఇఎల్84 వాల్వులతో సింగిల్ ఎండెడ్ (చానెల్‌కి ఒకే పవర్ వాల్వు) ఆంప్లిఫయర్. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు ఒక జత దాచి ఉంచా. వీటి తొమ్మిది పిన్‌ల నోవల్ బేస్‌లో పిన్ మందం 1 మిల్లీమీటరే కాబట్టి ఆ సాకెట్ల పట్టు చూడ్డానికి వేరే పిన్ కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో పాత రేడియో ఛాసిస్ ఏదైనా దొరుకుతుందేమో ఆదివారం వెళ్లి చూడాలి.