అన్నం తిన్నాక రెండు నిమిషాలు: బాలింతగా నా వ్యాయామం

కడుపుతో ఉన్నప్పుడు చేసిన గ్లూకోజు పరీక్షలో నాకు షుగర్ ఉందని తేలింది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. అందులో 140 వచ్చినా, దాటినా గర్భిణికి షుగర్ ఉన్నట్టే. తిండి మార్చుకుని, రోజూ నడుస్తూ కాన్పు దాకా నెట్టుకొచ్చాను. సిజేరియన్ అయింది, పాప పుట్టింది, షుగర్ మామూలుకొచ్చింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. డాక్టరమ్మ మాత్రం డిశ్చార్జి చేసేటప్పుడు కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఇలా వచ్చి తగ్గినవాళ్ళకి ముందుముందు టైప్-2 షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువట. ఒళ్ళు కదలాలి, పెరిగిన బరువు తగ్గాలి, పాపకి పాలివ్వడం నీకూ మంచిదే అన్నారు. నాన్న ఇన్సులిన్ సూదులు వేసుకోవడం చూస్తూ పెరిగాను నేను. ఆ మాట అక్కడే వదిలేసి రాలేకపోయాను.

కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వెళ్ళాను. అక్కడ వ్యాయామం మాటెత్తితేనే అమ్మకి కంగారు. చెవుల్లో దూది, నడుముకి కట్టు, పథ్యం కూరలు. "పచ్చి ఒళ్ళే తల్లీ, ఇప్పుడు ఎగిరితే రేపు నడుం పట్టేస్తుంది" అనేది. అమ్మ భయంలో నిజం ఉంది. పైన కుట్లు మానినట్టు కనిపించినా లోపలి పొరలు మానడానికి ఇంకా చాలా టైం పడుతుంది. గర్భంతో వదులైన కీళ్ళు గట్టిపడడానికీ నెలలు కావాలి. అందుకే మొదటి ఆరు వారాలు ఇంట్లోనే అటూ ఇటూ నడవడం, కూర్చుని చేసే కెగెల్ వ్యాయామం, అంతే.

ఈ కెగెల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలనే బిగించి, ఐదారు సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. 1948లో దీని గురించి రాసిన అర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు పేరే దీనికి స్థిరపడింది. పాపకి పాలిస్తూ చేసేదాన్ని, పక్కనున్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు. కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడడం చాలామందికి ఉంటుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి భరిస్తారు. దయచేసి డాక్టరుకి చెప్పండి, తగ్గించుకునే దారి ఉంది.

ఆరు వారాల చెకప్‌లో కుట్లు చూశారు, గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేశారు. నార్మల్ వచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి తల కొద్దిగా ఎత్తమని, బొడ్డు దగ్గర వేళ్ళు పెట్టి చూశారు. పొట్ట మధ్య కండరాలు ఇంకా ఎడంగానే ఉన్నాయి, సిటప్స్ జోలికి వెళ్ళొద్దన్నారు. మిగతావి మెల్లగా మొదలుపెట్టొచ్చు, కుట్ల దగ్గర లాగినా, బ్లీడింగ్ ఎక్కువైనా వెంటనే ఆపేయమన్నారు.

వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రెండు గంటలకోసారి లేచే పిల్లతో రోజూ ఒక అరగంట తీయడం నా వల్ల అయ్యే పని కాదు. పాత సూచనల్లో ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేయాలని ఉండేది, 2020లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుందన్నమాట. నాకు దారి దొరికింది అక్కడే.

ఆ రెండు నిమిషాలు ఎప్పుడన్నది నా షుగరే నిర్ణయించింది. కండరం పని చేసేటప్పుడు రక్తంలోని గ్లూకోజుని ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే లాక్కుంటుంది. తొడలు, పిరుదుల్లో ఉన్నవి ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు. అందుకని తిన్న కాసేపటికి వాటికి పని పెట్టాను. టిఫిన్ తిన్నాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక గోడకి చేతులు పెట్టి పుషప్స్, తర్వాత వరండాలో చకచకా నడక. పొయ్యి మీద పాలు కాగేలోపు మడమలెత్తి దించడం. పాప మెడ నిలిచాక దాన్ని గుండెలకి హత్తుకునే గుంజీలు తీసేదాన్ని, అదేమో కిలకిలా నవ్వేది. వారం వారం బరువు పెరిగే డంబెల్ అది!

ఇలా చేస్తే పాలు తగ్గిపోతాయేమోనని అత్తయ్యకి భయం. మామూలు వ్యాయామంతో పాలు తగ్గవని డాక్టరమ్మే ఆవిడకి చెప్పారు. ముందు పాపకి పాలిచ్చేసి మొదలుపెడితే బరువుగా ఉండదు, పాపా ఏడవదు.

అసలు కష్టం హైదరాబాద్ వచ్చాక తెలిసింది. 26 వారాల సెలవు అయిపోయి ఆఫీసు మొదలైంది. పొద్దున హడావుడిలో ఏదీ కుదిరేది కాదు. అప్పుడు మా ఆయనతో కూర్చుని మాట్లాడాను. రాత్రి భోజనం అయ్యాక పాప ఆయన చేతుల్లో ఉంటుంది, నేను అపార్ట్‌మెంట్ మెట్లెక్కి దిగుతాను. నేనొచ్చాక ఆయన వెళ్తారు. ఆఫీసులో లిఫ్ట్ మానేశాను. బాలింతకి వ్యాయామం చెప్పే ప్రతివాళ్ళూ ఆ టైంలో బిడ్డనెవరు ఎత్తుకుంటారో కూడా చెప్పాలి. నా మటుకు నాకు ఏ ఎక్సర్‌సైజ్ అన్నదానికంటే అదే పెద్ద ప్రశ్న.

పాపకి జ్వరం వచ్చి రాత్రంతా జాగారం చేసిన రోజుల్లో ఏమీ చేయను, దొరికిన కాసేపూ పడుకుంటాను. నిద్ర లేని ఒంటిని ఇంకా హింసించడం నాకు సరైన పని అనిపించదు.

గ్లూకోమీటర్ ఇంట్లోనే ఉంది కాబట్టి అప్పుడప్పుడు చూసుకుంటాను. తిన్నాక కదిలిన రోజు అంకె తక్కువే చూపిస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళు మామూలైపోయాక కూడా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. నాది వచ్చే నెలలో ఉంది. ఖాళీ కడుపుతో వెళ్ళి, గ్లూకోజు తాగి, రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. అంతసేపూ పాపని అత్తయ్య చూసుకుంటానన్నారు.