ఐదున్నర గంటల తేడా

రాత్రి తొమ్మిదీ ముప్పావుకు సరిదిద్ది దాచిన సావనీరు ఫైలు, సాయంత్రం ఆరు గంటల నాటి పాత ప్రతి కంటే ముందే తయారైనట్టు, మధ్యాహ్నం 4.15 అన్న సమయాన్ని తగిలించుకుని వరుసలో కిందికి పోయింది. రెండింటిలో ఏది ప్రెస్సుకు పంపవలసినదో తేల్చుకోవడానికి పుటలన్నీ మళ్లీ తిప్పవలసి వచ్చింది. పొద్దున్న చూసుకోవచ్చు కదా అని మా ఆయన పడుకున్నారు గానీ, ఈ చికాకును ఎక్కడో ఒకచోట రాసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

కారణం నాకు తెలియనిది కాదు. మా కంప్యూటరులో విండోస్, లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి, ఒకసారికి ఒకటే నడుస్తుంది. కంప్యూటరు ఆపివేసినా లోపలి చిన్న బ్యాటరీ మీద నడుస్తూ ఉండే గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగానే చదువుకుంటుంది. లినక్స్ మామూలుగా అదే గడియారాన్ని సార్వత్రిక సమయంలో, అంటే మనకు ఐదున్నర గంటల వెనుక ఉంచుతుంది. అందువల్ల ఒకదానిలో పని ముగించి రెండోదానిలోకి వచ్చేసరికి రాత్రి కాస్తా మధ్యాహ్నమైపోతుంది. ఇంటర్నెట్ ఉంటే కాసేపటికి అదే సర్దుకుంటుంది. ఈ రోజు వాన మొదలైనప్పటి నుంచి అదీ లేదు. గంటస్తంభం ఉన్న విజయనగరంలో కూర్చుని, ఒకే బల్ల మీద ఉన్న ఒకే పెట్టెలో వేళ ఎంతైందో ఎవరినో అడిగి తెలుసుకోవలసి రావడం నాకు బొత్తిగా నచ్చలేదు.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అన్న భద్రతా ఏర్పాటు మన పాత పెట్టెలో లేదని, సిరిమాను పండుగకు వచ్చిన పెద్దవాడు పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి వెళ్లాడు. అందులో నాకు చేతికి అలవాటైన, తెలుగు టైపుకు వాడే యాపిల్ కీబోర్డు వరస విడిగా ఏమీ కొనకుండానే దొరికినందుకు ఆ వారమంతా సంతోషంగానే ఉన్నాను. అయితే ప్రెస్సువారు గౌతమి ఫాంటులో పంపే ఫైలును లినక్స్‌లో తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేనందున వేరొకటి వచ్చి కూర్చుంటుంది. వరుసల మధ్య ఎడం మారి, ఒక పుటలో ముగియవలసిన వ్యాసం చివరి రెండు వాక్యాలు తరువాతి పుట నెత్తిన పడతాయి. విషయసూచికలోని పుట సంఖ్యలన్నీ తప్పుతాయి. అందుకే చివరి చూపుకు విండోస్‌లోకి రావలసి వస్తోంది, వచ్చినప్పుడల్లా ఈ గడియారం తంటా ఉండనే ఉంది. ఉబుంటును రేపే తీసేయమని పెద్దవాడితో చెబుదామని ఫోను చేతిలోకి కూడా తీసుకున్నాను.

అంతలో మావగారి ఫోల్డరు కంటబడింది. ఆయన వ్యాసాలన్నీ గంటస్తంభం దగ్గరి డీటీపీ కొట్టులో, పుటలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవి. ఆపరేటరు పక్కన స్టూలు వేయించుకుని, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో కళ్లజోడు పైకెత్తి చూస్తూ ఆయన గంటల తరబడి కూర్చునేవారు. "చెఱువు"లో బండి ఱ ఉండి తీరాలని ఆయన పట్టు. "మేస్టారూ, ఇప్పుడెవరూ అలా రాయడం లేదండీ" అని ఆ కుర్రవాడు నసిగేవాడు. "నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారయ్యా?" అని ఈయన గదిమేవారు. ఇద్దరి మధ్య రాజీ కుదర్చడానికని వెళ్లిన నేను, కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతున్న మధ్యాహ్నాలలో ఆ కుర్రవాడి వేళ్లు చూసి చూసి యాపిల్ వరస నేర్చుకున్నాను. ఆ తరువాత ఆయన వ్యాసాలు కొన్ని నేనే కొట్టాను. 1919లో మన సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారి మీద రాసినది వాటిలో ఒకటి.

ఆ వ్యాసం పాఠాన్ని లినక్స్‌లో తెరిస్తే దాసుగారూ కనబడరు, తెలుగూ కనబడదు. ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. ఆ నాటి డీటీపీ ఫాంట్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఒకచోట ముక్కలుగా పెట్టుకున్నాయి. ఫాంటు లేకపోతే ముక్కల వెనుక ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము; అప్పటి అచ్చుకు అదే దారి.

ఇక్కడికి వచ్చేసరికి నా కోపం దిశ మార్చుకుంది. తీసేయవలసినది లినక్స్ కాదు, విండోస్ అనిపించింది. మద్దతు ముగిసిన దానిని ఈ ఫోల్డరు కోసమే కదా పట్టుకుని కూర్చున్నాను. కానీ ఫోల్డరు తెరుచుకునేది అందులోనే. కాబట్టి రెండూ ఉంటాయి, కనీసం వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మారేదాకా.

మొదటి వ్యాసాన్ని ఇందాక కన్వర్టరులో వేసి చూశాను. చాలావరకు మారింది గానీ, బండి ఱలన్నీ ఎగిరిపోయాయి. వాటిని ఒక్కొక్కటే చేత్తో తిరిగి పెట్టాలి.