పదకొండు నౌకలు

"పదకొండు విమానవాహక నౌకలున్న అమెరికాను ఎవరు కదిలిస్తారండీ?" ఇవాళ టీవీ చర్చలో ఒకాయన బల్ల గుద్ది మరీ అడిగాడు. ఆ బలం వల్లే లోకంలో శాంతి అని కూడా అన్నాడు.

నౌకలు లెక్కపెట్టాక అప్పుపత్రాలు కూడా ఓసారి తిరగేయాలి.

1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్, బ్రిటన్, ఫ్రాన్స్ వాటాలున్న కంపెనీ నడిపే సూయజ్ కాలువను జాతీయం చేశాడు. నవంబరు 5న బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు కాలువ ముఖద్వారంలోని పోర్ట్ సయీద్ దగ్గర దిగాయి. యుద్ధరంగంలో వాళ్ళేం ఓడిపోలేదు. కానీ అటు మార్కెట్లో పౌండును తెగనమ్ముతున్నారు. దాని విలువ నిలబెట్టడానికి దాచుకున్న డాలర్లు కరిగిపోతున్నాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నుంచి తెచ్చుకుందామంటే అమెరికా అడ్డుపడింది. ముందు కాల్పులు ఆపండి, డబ్బు సంగతి తర్వాత అంది.

మర్నాడు అర్ధరాత్రికల్లా కాల్పుల విరమణ. డిసెంబరులో సేనలు వెనక్కి, జనవరిలో ప్రధాని ఈడెన్ ఇంటికి. మెడలు వంచింది శత్రువు కాదు, మిత్రుడే! ఆ మిత్రుడి దగ్గర 1945 డిసెంబరులో ఒప్పుకున్న 375 కోట్ల డాలర్ల అప్పు 2006 డిసెంబరుకి గానీ తీరలేదు.

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కట్టిన వడ్డీ దాని రక్షణ ఖర్చును దాటేసింది. అయితే ఆ అప్పు సొంత డాలర్లలోనే ఉంది. అప్పటి బ్రిటన్‌కి ఆ వెసులుబాటు లేదు, కాబట్టి రెండూ ఒకటే అనను.

ఇక శాంతి అంటారా? బ్రిటన్ పెత్తనం నడిచిన 1815 నుంచి 1914 దాకా కాలానికి 'బ్రిటిష్ శాంతి' అని పేరు. చైనాతో రెండు నల్లమందు యుద్ధాలు, రష్యాతో క్రిమియా యుద్ధం, మన 1857, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం, అన్నీ ఆ నూరేళ్ళలోనివే. శాంతి ఎవరికో మరి.