హిర్ష్‌గార్టెన్‌లో సకినాలు

జర్మనీలోని మ్యూనిక్‌లో బిల్డింగులకు నంబర్లుంటాయి గానీ లోపలి ఫ్లాట్లకు ఉండవు. కింద తలుపు దగ్గర కాలింగ్ బెల్లుల వరుస, ఒక్కో బెల్లు పక్కన ఒక్కో ఇంటిపేరు, అంతే. పోస్ట్‌మ్యాన్ కూడా పేరు చూసే ఉత్తరం వేస్తాడు. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ నంబరు, ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులో వచ్చే ఊరిది. 2025 మే నెలలో నేను దిగినప్పుడు ఇంటి ఓనరు తాళాలతో పాటు మా ఇంటిపేరు అచ్చువేసిన చిన్న పట్టీ కూడా చేతిలో పెట్టాడు. దాన్ని బెల్లు పక్కన బిగించి, ఫొటో తీసి హన్మకొండలో ఉన్న అమ్మకు పంపాను. అమ్మ ఆ ఫొటోను వాడకట్టంతా తిప్పి చూపించిందట.

వచ్చిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి, ఆ నమోదు అయితే గానీ మిగతా పనులేవీ కదలవు. ఈ కాగితాల గోల ఇక్కడికి వచ్చిన ప్రతి తెలుగువాళ్లూ చెప్పేదే కాబట్టి వదిలేస్తున్నాను. నాకు చెప్పాలనిపించింది మనుషుల గురించి.

హైదరాబాద్ ఆఫీసులో వీడ్కోలు రోజున అందరూ ఒకటే మాట అన్నారు. జీతం బాగుంటుంది, పని బాగుంటుంది, కానీ మనుషులు ముభావం, పలకరించే దిక్కుండదు అని. ఆ మాట పట్టుకుని విమానం ఎక్కాను. మొదటి కొన్ని వారాలు అది నిజమేననిపించింది కూడా.

కార్ల బ్రేకు కంట్రోలర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా ఉద్యోగం. మొదటి రోజు వెళ్లేసరికి నా టేబుల్ మీద ఒక పూలకుండీ, టీమ్ అంతా సంతకాలు పెట్టిన కార్డు ఉన్నాయి. ఆ తర్వాత మాత్రం అంతా పని మాటలే. మధ్యాహ్నం 12 దగ్గర పడుతుంటే కారిడార్‌లో ఎదురైన ప్రతివాళ్లూ "మాల్‌ట్సైట్" అంటూ క్యాంటీన్‌కు పోతారు, భోజనవేళ పలకరింపు అది. అందరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటాం. అక్కడ వాతావరణం, రైళ్ల ఆలస్యం, ఎండాకాలం సెలవులు. పెళ్లయిందా, పిల్లలెందరు, జీతమెంత అని ఎవరూ అడగరు. సాయంత్రం 5 దాటితే ఫ్లోర్ ఖాళీ. హైదరాబాద్‌లో రాత్రి 10 గంటల కాల్స్‌కు అలవాటు పడ్డ ప్రాణం నాది. ఇక్కడ ఒక రోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టడానికి మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలని చట్టమే చెబుతుంది. మా టీమ్ లీడ్, యాభై దాటిన ఆవిడ, మొదటి వారమే చెప్పేసింది: "రాత్రిపూట నీ మెయిల్ నాకు రాకూడదు. వచ్చిందంటే నేను నీకు పని ఎక్కువ ఇచ్చానని అర్థం."

చెప్పింది బాగానే ఉంది, మరి సాయంత్రాలు ఏం చేయాలి? జూన్‌లో ఇక్కడ సూర్యుడు రాత్రి 9 దాటాక గానీ అస్తమించడు. అంత వెలుగులో ఒక్కదాన్నే వంట చేసుకుని తినడం కష్టంగా ఉండేది. ఆదివారమైతే దుకాణాలన్నీ బంద్. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా వినిపించని నిశ్శబ్దం. అమ్మతో ఫోన్ మాట్లాడటానికి టైమ్ చూసుకుంటే అక్కడ అప్పటికే అర్ధరాత్రి దాటి ఉండేది.

ఆ రోజుల్లో పక్క సీటు అతను ఒక సంగతి చెప్పాడు. ఇక్కడ కొత్తగా చేరినవాళ్లే టీమ్‌కు ఏదైనా తినిపించాలట. పుట్టినరోజైనా అంతే, ఎవరి పుట్టినరోజైతే వాళ్లే కేక్ తెచ్చి పెడతారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వండి పెట్టడమే కదా, అది మనకు చేతనైన పని. సూపర్ మార్కెట్‌లో బొంబాయి రవ్వలాంటిది దొరుకుతుంది, దాంతో వాళ్లు పాలు పోసి పాయసంలా చేసుకుంటారు. వెన్న కాచి తీసిన నెయ్యి కూడా డబ్బాల్లో ఉంటుంది. ఆ రెండూ తెచ్చి, కొబ్బరి వేసి రవ్వలడ్లు చుట్టాను. వంటగదిలో పెట్టి "కొత్త ఉద్యోగి తరఫున" అని మెయిల్ చేస్తే పక్క ఫ్లోర్ వాళ్లు కూడా వచ్చారు. నోట్లో లడ్డు పెట్టుకుని ఇది మా అమ్మమ్మ వండే రవ్వే కదా అని ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు.

మర్నాడు ఔట్‌లుక్‌లో ఒక ఇన్విటేషన్ వచ్చింది. మూడు వారాల తర్వాత గురువారం సాయంత్రం 5:30కి హిర్ష్‌గార్టెన్‌లో టీమ్ సాయంత్రం, వాన పడితే ఆ పై గురువారం. "ఎవరి తిండి వాళ్లు తెచ్చుకోవాలి" అని కింద ఒక లైను. స్నేహితులు కలవడానికి మూడు వారాల ముందు చెప్పడమేంటి, పైగా వాన తేదీ కూడా ఏంటి అనుకున్నాను. ఇప్పుడు నా ఫోన్ క్యాలెండర్ కూడా అలాగే నిండి ఉంటుంది. ఆరోజు అందరూ 5:30కి అక్కడున్నారు. పని ఉందని, తలనొప్పని ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఇక్కడ మాట ఇచ్చారంటే ఆ సాయంత్రం మనదే. అందులో ఎంత గౌరవం ఉందో అక్కడ కూర్చున్నాక తెలిసింది.

హిర్ష్‌గార్టెన్ అంటే జింకల తోట. 1780లో జింకల కోసమే ఏర్పాటు చేశారు, ఇప్పటికీ కంచె వెనక జింకలున్నాయి. దాన్ని ఆనుకుని 8,000 మంది కూర్చునే బీర్‌గార్టెన్, అంటే చెట్ల కింద కూర్చుని బీరు తాగే తోట. తలెత్తితే కొమ్మ కొమ్మ కలిసిపోయిన చెస్ట్‌నట్ చెట్లు. ఆ చెట్లకు పెద్ద కథే ఉంది. పాత రోజుల్లో బట్టీ మంటలతో నిప్పంటుకుంటుందన్న భయంతో ఎండాకాలంలో బీరు కాయకూడదని 1539లో ఆజ్ఞ ఇచ్చారు. సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే కాయాలి. ఎండాకాలానికి సరిపడా బీరును నేలమాళిగల్లో దాచేవాళ్లు, ఆ నేల చల్లగా ఉండటానికి పైన విశాలమైన ఆకులున్న చెస్ట్‌నట్ చెట్లు నాటారు. జనం ఆ నీడకే వచ్చి తాగడం మొదలుపెట్టేసరికి ఊళ్లోని పూటకూళ్లవాళ్లకు బేరం పడిపోయింది. వాళ్లు గొడవ చేస్తే 1812లో బవేరియా రాజు మొదటి మాక్సిమిలియన్ మధ్యేమార్గం చెప్పాడు. బీరు కాసేవాళ్లు తోటలో బీరూ రొట్టే అమ్ముకోవచ్చు, వంటకాలు పెట్టకూడదు. దాంతో జనం ఇంటి నుంచి మూట కట్టుకుని రావడం మొదలైంది. ఇప్పుడు తోటలో వంటలూ అమ్ముతారు, కానీ ఇంటి తిండి తెచ్చుకునే హక్కు అలాగే ఉంది. బట్ట పరిచిన టేబుళ్లకు సర్వర్లు వస్తారు, ఉత్త చెక్క టేబుళ్ల దగ్గర మన మూట మనం విప్పుకోవచ్చు.

మావాళ్లు మూటలు విప్పిన తీరు చూడాలి. ఒకరు గళ్ల బట్ట పరిచారు, ఇంకొకరు చెక్క పలక, చిన్న కత్తి తీశారు. తెల్ల ముల్లంగిని మరలాగా చుట్టూ సన్నగా కోసి, ఉప్పు చల్లి, నీళ్లు ఊరేదాకా ఆగి తింటారు. పచ్చి ముల్లంగి అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది. గ్లాసులు పెట్టే అర నుంచి మనమే తీసుకుని, పక్కనున్న తొట్టి దగ్గర మనమే కడుక్కుని, బీరు పట్టించుకోవాలి. ఒక్కో గ్లాసు లీటరు. నేను తాగను కాబట్టి ఆపిల్ రసంలో సోడా కలిపినది తీసుకున్నాను. ఎందుకు తాగవని ఒక్కరూ అడగలేదు. ఇది చిన్న విషయమే గానీ, ఆ సాయంత్రమంతా నాకు గుండె మీద బరువు లేకుండా చేసింది.

నా మూటలో పులిహోర, స్టీలు డబ్బాలో అమ్మ పంపిన సకినాలు. అమ్మ సంక్రాంతికి చేసేది, ఈసారి నా కోసం ఏప్రిల్‌లోనే చేసింది. పక్క సీటు అతను సకినాన్ని మెలితిప్పిన తన ప్రెట్జెల్ రొట్టె పక్కన పెట్టి చూసి, చుట్లు లెక్కపెట్టి, అచ్చు ఏది వాడతారని అడిగాడు. అచ్చు ఉండదు, తడి బట్ట మీద చేత్తోనే చుడతారన్నాను. ఒక్కరూ నమ్మలేదు. గ్లాసు కింద చేరిన తడిలో వేలు ముంచి, చెక్క మీద మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టు మీద చుట్టు గీసి చూపించాను. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎలా మెలి తిరుగుతుందో, ఆ మెలిక పోతే సకినం ఎలా విరిగిపోతుందో చెబుతుంటే బ్రేకు కంట్రోలర్లు పరీక్షించే ఇంజనీర్లంతా వంగి చూశారు. నువ్వులు, వాము వాసన చూసి ఇది బీరుకు పుట్టినట్టుందని తీర్పు చెప్పారు.

ఇంతలో ఒక ముసలి జంట వచ్చి "ఇక్కడ ఖాళీయేనా?" అని అడిగి మా బెంచీ చివర కూర్చున్నారు. ఇక్కడ అది మామూలు, తెలియనివాళ్లతోనే టేబుల్ పంచుకుంటారు. ఆ పెద్దావిడ ఒక సకినం తీసుకుని, వెన్న, చీజు, కారంపొడి కలిపి నూరిన ముద్ద నా పళ్లెంలో వేసింది. నా కొత్త జర్మన్ చాలనిచోట మావాళ్లు అందుకున్నారు. 1995లో ఒక బీర్‌గార్టెన్‌ను రాత్రి తొందరగా మూసేయాలని కోర్టు చెబితే వేలమంది మ్యూనిక్ వీధుల్లో ఊరేగింపు తీశారట, ఆ పెద్దావిడా అందులో నడిచిందట. ఆ తర్వాత 1999లో బవేరియా రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 11 దాకా తెరిచి ఉంచవచ్చని నిబంధన పెట్టింది. చెట్టుకింద కూర్చుని మాట్లాడుకునే హక్కు కోసం రోడ్డెక్కిన ఊరిని ముభావం అని ఎలా అంటాం?

ఆ తర్వాత దారి దానంతటదే పడింది. ఇజార్ నది ఒడ్డున ఫ్లౌకర్ అనే చోట గులకరాళ్ల దిబ్బల మీద పొయ్యి వెలిగించి మొక్కజొన్న కాల్చుకున్నాం. ఈ నది ఒకప్పుడు కాంక్రీటు గట్ల మధ్య కాలువలా ఉండేదట. 2000 నుంచి 2011 వరకు 8 కిలోమీటర్ల మేర గట్లు తీసేసి దాన్ని మళ్లీ నదిని చేశారు. ఆల్ప్స్ కొండల నుంచి వచ్చే నీళ్లు, జూలైలో కూడా కాళ్లు కొంకర్లు పోతాయి.

ఆగస్టులో టేగర్న్‌జే అనే సరస్సు ఒడ్డు ఊరికి వెళ్లడం ఒక ఎత్తు. మ్యూనిక్ నుంచి గంట పైచిలుకు రైలు ప్రయాణం. దేశమంతా లోకల్ రైళ్లలో, బస్సుల్లో చెల్లే నెలవారీ జర్మనీ టికెట్ (2025లో 58 యూరోలు) ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. ఈ రైలు దారిలో విడిపోతుంది. కొన్ని పెట్టెలు ఒక ఊరికి, కొన్ని మరో ఊరికి పోతాయి. అందుకే మావాళ్లు ప్లాట్‌ఫాం మీదే ఏ పెట్టె ఎక్కాలో చూపించి మరీ ఎక్కించారు. దిగాక సరస్సు ఒడ్డు నుంచి నాయ్‌రాయ్ట్ అనే కొండ మీదికి నడక. సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. పైన 1,260 మీటర్ల దగ్గర ఒక సత్రం.

ఆఫీసులో నాతో పని తప్ప మరో మాట మాట్లాడని ఒక సహోద్యోగి ఆ ఎక్కుడులో నా పక్కన నడిచాడు. ఉన్నట్టుండి వాళ్ల నాన్న గురించి మొదలుపెట్టాడు. మతిమరుపు జబ్బట, కొడుకును గుర్తుపట్టడం మానేశాడట. ప్రతి ఆదివారం వెళ్లి ఆయనకు గడ్డం గీసి వస్తాడట. నేనూ మా నాన్న పోయిన సంగతి చెప్పాను. ఇక్కడికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు అది. ఇద్దరం దారి వంకే చూస్తూ నడుస్తున్నాం కాబట్టి కళ్లు తుడుచుకున్నా ఇబ్బంది అనిపించలేదు. వీళ్లు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, పక్కపక్కన నడుస్తూ విప్పుతారు. కొండలెక్కే సంఘాలు ఇంత బలంగా ఉండటానికి ఇదీ ఒక కారణమేమో. జర్మన్ ఆల్ప్స్ సంఘం 1869లో మ్యూనిక్‌లోనే పుట్టింది, ఇప్పుడు సుమారు 15 లక్షల మంది సభ్యులు. కొండల్లో దారులు, సత్రాలు చూసుకునేది ఆ సభ్యులే. నేనూ చేరాను. పైన సత్రంలో ముక్కలుగా చీల్చిన అట్టు మీద పంచదార పొడి చల్లి, ఉడికించిన ఆపిల్ గుజ్జుతో ఇచ్చారు. కింద సరస్సు మొత్తం కనిపిస్తూ ఉంది.

సెప్టెంబర్ చివర్లో రెండు పండుగలు ఒకేసారి వచ్చాయి. 20న మ్యూనిక్ బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ మొదలైంది, 21న ఎంగిలిపూల బతుకమ్మ. మ్యూనిక్ తెలుగువాళ్లం శనివారం ఒక హాలు తీసుకుని బతుకమ్మ ఆడదామనుకున్నాం. తంగేడు లేదు, గునుగు లేదు. పూలెక్కడ దొరుకుతాయని ఆఫీసులో అడిగితే మా టీమ్ లీడ్ తన కారులో ఊరి బయటికి తీసుకెళ్లింది. రోడ్డు పక్క పూల చేను, ఒక కత్తి, ధర రాసిన బోర్డు, డబ్బులు వేయడానికి ఒక పెట్టె. కాపలా మనిషి లేడు. మనమే కోసుకుని, లెక్కగట్టి, పెట్టెలో వేసి రావాలి. డాలియాలు, ఆస్టర్లు, పొద్దుతిరుగుడు పూలు చేతులనిండా కోశాం. ఆవిడ కాడలు సమానంగా కత్తిరించి దారంతో కట్టలు కట్టింది. ఎందుకు ఇన్ని, ఎంత ఎత్తు పేరుస్తారు, దేవత విగ్రహం ఎక్కడ ఉంటుంది అని దారంతా అడుగుతూనే ఉంది. పూలే దేవత అంటే కాసేపు మాట్లాడలేదు.

శనివారం ఆవిడ నేరుగా అక్టోబర్‌ఫెస్ట్ నుంచి బవేరియా సంప్రదాయ గౌనులోనే వచ్చింది. పట్టుచీరల మధ్య ఆ గౌనుతో వంగి చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరిగింది. నాలుగో చుట్టుకు అడుగు కుదిరింది. సత్తుపిండి రెండుసార్లు పెట్టించుకుంది.

మొన్న ఆవిడ నుంచి ఇన్విటేషన్ వచ్చింది. నవంబర్ మూడో శనివారం వాళ్లింట్లో భోజనం. ఇక్కడ ఇంటికి పిలవడమంటే మాటలు కాదు, ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్లు కూడా ఒకరి ఇల్లు ఒకరు చూడకపోవచ్చు. కింద ఒక వాక్యం రాసింది: "నా కొడుకు సకినాలు చుట్టడం నేర్చుకోవాలంటున్నాడు, బియ్యప్పిండి ఏ రకం కొనాలి?" బియ్యం నానబెట్టి పట్టించిన తడిపిండే కావాలి, కొన్నది పనికిరాదు. ముందు రోజు రాత్రి నానబెట్టి నేనే తెస్తానని రాసి, ఆ శుక్రవారం సాయంత్రాన్ని కూడా క్యాలెండర్‌లో పెట్టుకున్నాను.