లాభం, రెండు, మూడు

మొన్న వామన ద్వాదశి నాడు మా ఊరి గుడిలో పురాణం జరుగుతోంది. శాస్త్రిగారు పోతనగారి పద్యం ఎత్తుకున్నారు.

"వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కం బడునే?"

పద్యం పూర్తికాకముందే నా వెనుక ఇద్దరు రొయ్యల చెరువుల కౌలు ఎకరానికి ఎంత పలుకుతోందో లెక్కలు వేసుకుంటున్నారు. ఒళ్లు మండింది. దొరికిన కొంచెమే పదివేలనుకుని తృప్తి పడనివాడికి ఏడు దీవులిచ్చినా చాలదన్న ఆ మాట చెబుతున్నది ఎవరు? లోకాలన్నీ తనవే అయిన వామనుడు! మాడలా, గోవులా, రథాలా, ఏది కావాలన్న బలి చక్రవర్తిని మూడడుగులే అడిగాడు. కొలవడానికి కూడా తన అడుగే చాలన్నాడు.

ఈ పద్యం నాకు అర్థమైంది గుడిలో కాదు, కళ్లంలో. మా నాన్నగారు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అనేవారు. లాభం, రెండు, మూడు... ఆరు తరువాత 'ఆరున్నొక్కటి'. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని ఆ మాట నోట రానిచ్చేవారు కాదు. అరచేత్తో కుంచం అంచు రాసి, చేతికి అంటుకున్న నాలుగు గింజలను కూడా రాశిలోకి దులిపేవారు. 'లేశమైనఁ బదివేలు' అంటే నాకు ఆ మొదటి కుంచమే. 'వగవక' అంటే ఆ ఏడో కుంచం. తుఫానుకు చేను నేలకొరిగి, తాలు పోగా మిగిలింది కొలిచిన ఏడాది కూడా ఆయన 'లాభం' అనే మొదలుపెట్టారు. గొంతు మాత్రం కొంచెం తగ్గింది.

ఉద్యోగంలో చేరాక నేనే ఆయనను వేధించాను, ఆ రెండెకరాలూ చెరువుకు ఇచ్చేయమని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి నీటితో పండుతున్న సీమ ఇది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే చేను.

"ఇప్పుడు ఇంట్లో ఏం తక్కువైందిరా?" అని అడిగారు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. "పక్క చేలకు ఉప్పునీరు ఊరుతుంది. వాళ్లేం తింటారు?" అన్నారు. తలెత్తలేకపోయాను.

అన్నలారా, అమ్మలారా, సంపాదించవద్దని ఎవరూ అనడం లేదు. పిల్లల చదువు, ఇంట్లో మందులు, వచ్చినవారికి ఇంత అన్నం, ఇవి గడుస్తుంటే ఇంకా ఎందుకీ ఆరాటం? పక్కింటివారి ఆదాయం విని మన కంచంలోని ముద్దను చేదు చేసుకోవడం ఎందుకు?

ఆ కుంచం ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది. జీతం అందిన రోజు దానిలో దోసెడు బియ్యం పోసి, నాన్నగారిలాగే 'లాభం' అని పైకే అంటాను. ఈ నెల మీరూ అనండి.