సముద్రం ఎటువైపు?

మా పిన్ని ఇల్లు విశాఖలో ఎంవీపీ కాలనీ. డిసెంబర్ సెలవులకని గరీబ్‌రథ్ దిగి ఇల్లు చేరాక బ్యాగులు సర్దుతుంటే, చీరల మధ్య నుంచి నాలుగు కంపాస్‌లు మంచం మీద పడ్డాయి.

"ఏటే ఇవి? ఓడ నడపడానికి వచ్చారేటి?" అంది పిన్ని.

బాబాయ్ పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని, ముల్లు ఊగడం ఆగేదాకా చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు.

ఓరియంటీరింగ్ అంటే మ్యాప్, కంపాస్ పట్టుకుని, ముందెప్పుడూ చూడని అడవిలో గుర్తులు వెతుక్కుంటూ పరుగెత్తే ఆట. పేరు 1886లో స్వీడన్ సైన్యంలో పుట్టింది. మామూలు జనానికి తొలి పోటీ 1897లో నార్వేలో జరిగింది. ఉద్యోగం పేరుతో నాలుగేళ్లు స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో ఉన్నప్పుడు నాకీ పిచ్చి అంటుకుంది. మా ఆయనకి అంటుకోలేదు. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ బురదలో కూరుకుపోయిన బూటు కోసమే ఎక్కువ సేపు వెతికాడు.

అక్కడ నాకు బాగా నచ్చింది పోటీ కాదు, పిల్లలున్న వాళ్ల కోసం చేసే ఏర్పాటు. భార్యాభర్తలిద్దరూ పరుగెత్తేవాళ్లయితే ఒకరికి ముందు, ఇంకొకరికి బాగా ఆలస్యంగా స్టార్ట్ ఇస్తారు. మొదటివాళ్లు చెమటతో వచ్చి పిల్లల్ని అందుకుంటే రెండోవాళ్లు బయల్దేరతారు. మరీ చిన్నవాళ్లకైతే చెట్ల మధ్య ఓ దారం కట్టి, దాని వెంబడి బొమ్మలు తగిలిస్తారు. దారం వదలకుండా వెళ్తే చాలు. మా పెద్దది మూడేళ్లప్పుడు అలాగే మొదలుపెట్టింది.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ దారమే తెగిపోయింది. ఆదివారం ఐదున్నరకే నేను బూట్లు కట్టుకుంటే ఇంట్లో మొహాలు మాడేవి. "వారమంతా ఆఫీసు, ఆదివారం అడవి. మరి మేం?" అని ఆయన అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: ఎక్కడికెళ్లినా రోజుకో గంట నాది, ఓ గంట ఆయనది, మిగతాదంతా పిల్లలది. ఆయన గంట ఎప్పుడూ మధ్యాహ్నం నిద్రకే పోతుంది, అది వేరే సంగతి.

మర్నాడు ఆరింటికే ఆర్కే బీచ్‌కి వెళ్లాం. పొద్దున పూట ఆ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు, నడిచేవాళ్లదే రాజ్యం. ఐఎన్ఎస్ కుర్సురా దగ్గర ఆగాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చున్న జలాంతర్గామి. దాని పొడవు 91.3 మీటర్లు, నాకు కావాల్సింది ఆ లెక్కే. ఈ ఆటలో దూరాన్ని అడుగులతో కొలుస్తాం, కుడికాలు నేల తాకినప్పుడల్లా ఒకటి. ముక్కు నుంచి తోక దాకా రోడ్డు మీద పక్కనే నడవమన్నాను. పదకొండేళ్ల పెద్దదానికి 76 వచ్చాయి. ఎనిమిదేళ్ల చిన్నాడు తోక చివర నిలబడి గట్టిగా 92 అన్నాడు. అంటే వాడి కుడికాలు పడిన ప్రతిసారీ దాదాపు మీటరు. ఆ లెక్క వాడికి ఎంత నచ్చిందంటే, తర్వాత మురీ మిక్చర్ బండి దాకా కూడా కొలుచుకుంటూనే వెళ్లాడు.

అప్పుడే సూర్యుడు పైకొచ్చాడు. సముద్రం మీద నుంచే. "అదుగో తూర్పు" అని పిన్ని దణ్ణం పెట్టుకుంది. పెద్దది కంపాస్ చూసి, "తూర్పు కాదు, ఆగ్నేయం" అంది. పిన్నికి కోపమొచ్చింది. "సూర్యుడు ఆగ్నేయంలో పొడుస్తాడటే? సముద్రం తూర్పునుంటుందని చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు!"

పక్కనున్న ఇనప కంచె ముల్లుని లాగుతోందేమోనని ఇసుకలోకి చాలా దూరం నడిచి మళ్లీ చూశాం. ఆగ్నేయమే. విశాఖ తీరం ఉత్తర దక్షిణాలుగా తిన్నగా ఉండదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. పైగా డిసెంబర్ చివర్లో సూర్యుడు తూర్పు నుంచి పాతిక డిగ్రీల దాకా దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. రెండూ కలిసి పిన్నిని ఇన్నేళ్లుగా మోసం చేస్తున్నాయి. "పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతున్నాను" అన్నాడు బాబాయ్, ఇంటికెళ్లాక, పేపర్ లోంచి తలెత్తకుండా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వాస్తు పుణ్యమా అని మన పిల్లలకి ఈశాన్యం, నైరుతి కొత్తగా నేర్పక్కర్లేదు. మావాడు వంటగది ఏ మూల ఉండాలో చెప్పగలడు, మ్యాప్ తిప్పి పట్టుకోవడమే రాదు.

మూడో రోజు తొట్లకొండ. భీమిలి రోడ్డులో కారు మాట్లాడుకుని వెళ్లాం, పిల్లాణ్ణి కొండ మీద వదిలేస్తారన్న భయంతో పిన్ని కూడా ఎక్కింది. రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం అది. 1976లో నౌకాదళం స్థావరం కోసం పై నుంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లే కొండకి పేరయ్యాయి. ఉపగ్రహ చిత్రం మీద రాత్రి కూర్చుని సెంటీమీటరుకి 20 మీటర్ల లెక్కన మ్యాప్ గీశాను. తొట్లు నీలం, కట్టడాలు నలుపు, తుప్పలు ఆకుపచ్చ, ఖాళీ జాగా పసుపు. రక్షిత స్థలంలో జెండాలు కట్టకూడదు కాబట్టి ప్రతి గుర్తు దగ్గరా ఒక ప్రశ్న: ఇక్కడి బోర్డులో మొదటి మాట ఏమిటి, ఈ రాయి పక్కన ఏ చెట్టుంది, ఇలా.

చిన్నాడికి ఒంటరిగా ఇది మొదటిసారి. మెడలో ఈల. "దారి తప్పితే సముద్రం కనబడే చోటికి వచ్చి నిలబడి ఊదు" అని చెప్పి పంపాను. మొదటి గుర్తు తొట్టి దగ్గర, అది దొరికింది. రెండోది ఈశాన్యంగా 120 మీటర్లు, ఒంటరి చెట్టు. తొట్టి దాటాక వాడి ఎర్ర టోపీ తుప్పల వెనక మాయమైంది.

ఐదు నిమిషాలు. ఎనిమిది. స్వీడన్ అడవిలో గంటన్నర తప్పిపోయినప్పుడు కూడా నాకింత టెన్షన్ లేదు. అప్పుడు తప్పిపోయింది నేను కదా, ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. ఇక్కడ చెయ్యాల్సిన పని ఏమీ చెయ్యకుండా నిలబడటం. మా ఆయన కదలబోతే చొక్కా పట్టుకుని ఆపాను. పిన్ని నా వైపు చూడ్డం మానేసి, స్తూపం వైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. బుద్ధుడికో, సింహాద్రి అప్పన్నకో.

పన్నెండో నిమిషానికి టోపీ కనిపించింది, రావాల్సిన వైపు నుంచే. చేతిలో కాగితం, దాని మీద రెండో గుర్తు జవాబు. సరైనదే.

"ఈ కంపాస్ అబద్ధం చెప్తోందమ్మా" అన్నాడు రొప్పుతూ. "ఈశాన్యం అంటూ నన్ను అటు పంపింది. కానీ భీమిలి వైపు వెళ్లేటప్పుడు సముద్రం కుడిచేతి వైపుండాలిగా? ఎడమ వైపొచ్చింది. అందుకే వెనక్కి తిరిగా."

కంపాస్ తీసుకుని నాదాని పక్కన పెట్టాను, జాగ్రత్తగా ఓ మూర ఎడంగా. నా ఎర్ర ముల్లు ఉత్తరం చూపిస్తుంటే వాడిది దక్షిణం చూపిస్తోంది. తప్పు నాదే. వాడి కంపాస్‌ని కొండకి వచ్చేటప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లో, అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కవర్‌కి ఆనించి పెట్టాను. అలా పెడితే ముల్లు ధ్రువాలు తారుమారవుతాయని కొత్తగా చేరిన వాళ్లకి క్లబ్బులో నేనే చెప్పేదాన్ని.

మిగతా మూడు గుర్తులకీ వాడు నా కంపాస్‌తో వెళ్లాడు. ఆ రోజు నా గంట పరుగు ఎగిరిపోయింది, ఎవరూ గుర్తు చెయ్యలేదు, నేనూ అడగలేదు.

రాత్రి వంజరం వేపుడు తిన్నాక, బాబాయ్ అటక మీది పాత స్పీకర్ విప్పి అందులోని అయస్కాంతం తీశాడు. కంపాస్ గాజు మీద ఒక చివర నుంచి ఒకే దిక్కుగా నెమ్మదిగా లాగాడు. ఎత్తి, మళ్లీ మొదటి నుంచి. పిల్లలిద్దరూ బల్ల మీదికి వంగిపోయారు. మూడోసారికి ముల్లు వణికింది, ఐదోసారికి గిర్రున తిరిగింది. అయస్కాంతం పక్క గదిలో పెట్టి వచ్చాక, ఎర్ర చివర వీధి మలుపు వైపు నిలిచింది. ఉత్తరం.

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న పిన్ని అక్కడి నుంచే అడిగింది: "బాగయిందా? ఇప్పుడైనా సముద్రం తూర్పుకొచ్చిందా?"